‘మీ ఇష్టం’కి నేను పెట్టిన టిక్కు

‘ప్రజలు సమ్మతించారు’ అనే మాట పేపర్లో ఎక్కడ కనిపించినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరిని అడిగారు, ఏ మాటల్లో అడిగారు, వాళ్లేమన్నారు, విన్నవాడు ఏం రాసుకున్నాడు అని నిలదీయాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కాగితంతో పోట్లాడతాడేమిటి ఈ మనిషి అంటారు. పోట్లాడతాను. అలా రాసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని మరి.

డెబ్భైల చివర్లో ఎలమంచిలి దగ్గర మా ఊరి నుంచి డిగ్రీ చదువుకోవడానికి విశాఖపట్నం వచ్చి మా మేనత్త ఇంట్లో దిగాను. వన్ టౌన్లో ఒక కొండవాలు మీద ఉండేది ఆ ఇల్లు. ఎగుడుదిగుడు మెట్లెక్కి పోవాలి. ఒకటే గది, ముందు చిన్న అరుగు, అరుగు మీద కూర్చుంటే పోర్టు క్రేన్లు కనిపించేవి. మామయ్య పోర్టులో కళాసీగా చేసి, నేను రాకముందే పోయాడు. పిల్లల్లేరు. అత్త పూర్ణా మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. తెల్లవారకుండానే లేచి, పల్లెల నుంచి కూరల బళ్లు దిగేసరికి అక్కడ ఉండేది. ఆ వేళకి ఉన్నవాళ్లకే మంచి కట్టలు. గంట ఆలస్యమైతే మిగిలేవి వాడిపోయిన తోటకూర, ముదిరిపోయిన గోంగూర. ఇంటి నుంచి మార్కెట్టుకి బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచిపోయేంత దూరం. ఆవిడ బతుకంతా ఆ నడిచిపోయేంత దూరం మీదే ఆధారపడి ఉండేది. నా చదువు, నా తిండి కూడా.

డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. స్టీల్ ప్లాంటు వస్తోంది, ఇంటికో ఉద్యోగం వస్తుంది అని ఊరంతా చెప్పుకునేవాళ్లు. ప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకే ఇంకా దిక్కులేదు, నాకెవరిస్తారు? రెండేళ్లు అరుగు మీద కూర్చుని క్రేన్లు చూశాను. అత్త ఒక్కనాడు కూడా ఎత్తిపొడవలేదు. చుట్టుపక్కల వాళ్లే ఆ పని చేసేవాళ్లు.

ఎనభైల మొదట్లో, ఎన్నికలకు కొన్ని నెలల ముందు, బీచి రోడ్డు వైపున్న ఒక పరిశోధన కేంద్రంలో ఇంటింటికీ తిరిగి జనం అభిప్రాయాలు రాసుకునే పని ఉందని తెలిసింది. వెళ్లాను, తీసుకున్నారు. పని చిన్నది, ఫారం పెద్దది. అందులో అసలైన ప్రశ్నలు రెండే. ఒకటి, ఓటు ఎవరికి వేస్తారు అని. ఇంకొకటి మా కొండవాలు గురించి. పోర్టు లారీల కోసం అటుగా కొత్త రోడ్డు వేసే ఆలోచన ఉంది. మా వీధులన్నీ లేపేసి, ఊరికి దూరంగా, బస్సెక్కి గంటసేపు పోవాల్సిన చోట కట్టే కాలనీకి పంపిస్తారట. దానికి మీరేమంటారు అని.

కేంద్రానికి డైరెక్టరు గారు ఉండేవారు. పెద్ద చదువులు చదివిన మనిషి, మెత్తగా మాట్లాడేవారు. మాకు రెండు రోజులు పాఠం చెప్పారు. “మీరు గొట్టాలు. ఇటు నుంచి మాట వస్తే అటు పోవాలి. మధ్యలో మీ బుర్ర వాడొద్దు” అన్నారు. ప్రశ్న చదవాలి, వివరించకూడదు, జవాబు వినాలి, గడిలో టిక్కు పెట్టాలి. కొట్టివేతలు లేకుండా ఫారాలు నింపినవాళ్లలో ఒకరిని ఎన్నికలయ్యాక పర్మినెంటు చేస్తామన్నారు. ఆ ఒక్క మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఇళ్లు తరలించే ప్రశ్నకి మూడు గడులు. సమ్మతం, అసమ్మతం, చెప్పలేను. ఎవరో అడిగారు, ‘మీ ఇష్టం’ అంటే ఏ గడిలో పెట్టాలి సార్ అని. డైరెక్టరు గారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని ఒక్క క్షణం ఆలోచించి, “నిర్ణయం మనకి వదిలేస్తున్నారు. అంటే అభ్యంతరం లేదనేగా? సమ్మతం” అన్నారు. అందరూ రాసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

“సార్, మావోళ్లు ఎదురుగా ఒద్దని సెప్పరండీ” అన్నాను.

గది గొల్లుమంది. నేను చెప్పిన విషయానికి కాదు, ‘సెప్పరండీ’ అన్నందుకు. వెనక బెంచీలో ఒకడు “సెప్పరటండీ” అని నా యాసలో వెక్కిరించాడు. డైరెక్టరు గారు కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉండగానే నేను కూర్చుండిపోయాను. ఆ రోజు సిగ్గుపడ్డందుకు ఇప్పుడు నా మీద నాకు కోపం. ఆ నవ్వినవాళ్ల మీద కోపం ఎలాగూ ఉంది, అది వేరే ఖాతా.

ఏం చెప్పాలనుకున్నానంటే, మావైపు ‘మీ ఇష్టం’ అనేది తలుపు వేసెయ్యడం. పూర్ణా మార్కెట్లో ఎవరైనా బేరం మరీ అన్యాయంగా ఆడితే, అత్త కేకలు వెయ్యదు, తిట్టదు. “మీ ఇష్టం అమ్మా” అని బుట్ట మీద తడిగుడ్డ కప్పేస్తుంది. ఇంక ఆ బేరం అయిపోయినట్టే. కొనేవాళ్లందరికీ అది తెలుసు. డైరెక్టరు గారి ఇంటావిడ అత్త దగ్గర వారానికి రెండుసార్లు పాలకూర కొనేది, ఆవిడకీ తెలుసు. గుమ్మం ఎక్కి వచ్చిన పెద్దమనిషి మొహం మీద వద్దనడం మర్యాద కాదు గనక ఆ మాట అంటారు. నిజంగా ఒప్పుకునేవాళ్లు ఆ మాట అననే అనరు. ఎప్పుడు, ఎలాగ, నీళ్లుంటాయా, బస్సుంటుందా, బడుంటుందా అని ప్రాణం తీసేస్తారు. ఇష్టమున్నవాడికి సందేహాలుంటాయి. ఇష్టం లేనివాడు రెండు మాటల్లో తేల్చేస్తాడు. ఇంత చిన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తెలియలేదు, తెలిసిన నా నోరు లేవలేదు.

మా వీధుల సందులు నాకు తెలుసు గనక అక్కడికి నన్నే పంపారు. పక్కన ఒక సూపర్‌వైజరు, ఇస్త్రీ మడత నలగని తెల్లప్యాంటు. జీపు కింద ఆపి మెట్లెక్కుతుంటే పిల్లలందరూ వెనకపడ్డారు. ఆ తెల్లప్యాంటు చూడగానే మావాళ్ల గొంతు మారిపోయింది. నన్ను రోజూ “ఏటి బావా” అని పిలిచే పక్కింటి కళాసీ కూడా లేచి నిలబడి లుంగీ దించుకున్నాడు.

“ఓటు ఎవరికి వేస్తారు?” అని సూపర్‌వైజరు అడిగాడు.

“మీలాటి పెద్దోళ్లు ఎవులికెయ్యమంతే ఆలికే బాబూ” అన్నాడు కళాసీ.

సూపర్‌వైజరు నా వైపు చూసి పాతాయన గడి చూపించాడు. అప్పటికి గెలిచి ఉన్న నాయకుడే పెద్దవాళ్ల మనిషి గదా, అదీ లెక్క. నేను టిక్కు పెట్టాను. కళాసీ నాకేసి చూసి కన్ను గీటాడు. ఆ కన్ను గీటడానికి ఫారంలో గడి లేదు.

తరవాత మా ఇల్లు. అత్త మార్కెట్టు నుంచి వచ్చి అరుగు మీద చేటలో మెంతికూర ఏరుతోంది. నన్ను చూసి నవ్వబోయి, నా పక్కన మనిషిని చూసి కొంగు సర్దుకుంది. సూపర్‌వైజరు ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. “ప్రస్తుత నివాస ప్రాంతం నుండి ప్రతిపాదిత నూతన కాలనీకి తరలింపు పట్ల మీ వైఖరి ఏమిటమ్మా?”

అత్త నన్ను చూసింది. “ఏటంతన్నారురా ఈ బాబు?”

“ఈ ఇల్లు ఒగ్గేసి దూరంగా కొత్త కాలనీకి ఎల్తావా అని అడుగుతన్నారత్తా” అన్నాను.

“వివరించకూడదు” అని సూపర్‌వైజరు నన్ను గదమాయించాడు.

అత్త చేటలోని ఆకు ఒకటి తీసి పక్కన పడేసింది. “మీ ఇష్టం బాబూ” అంది. అని మొహం తిప్పుకుని ఏరడంలో పడిపోయింది. బుట్ట మీద గుడ్డ కప్పినట్టు నాకు స్పష్టంగా తెలిసింది. సూపర్‌వైజరు సమ్మతం గడి మీద వేలు పెట్టాడు. నేను టిక్కు పెట్టాను. పెన్ను ఆగలేదు, చెయ్యి వణకలేదు. వణికిందని రాసుకుంటే బాగుండును గాని, వణకలేదు.

పొద్దుగూకే వేళకి ఇంటికొచ్చాను. అత్త కాళ్లు చాపుకుని కూర్చుని హుషారుగా ఉంది.

“ఆ బాబుకి సెప్పేసినాను గదరా, ఇంక మన జోలికి రారు” అంది.

“ఏటి సెప్పినావత్తా?”

“నానొల్లనని సెప్పినాను. పక్కనే ఉన్నావు, ఇన్లేదేటి?”

“ఇన్నాను” అన్నాను.

ఫారాలన్నీ నా సంచీలోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న అప్పగించాలి. ఆ ఒక్క టిక్కు కొట్టేసి పక్క గడిలో పెడితే సరిపోయేది. మా వీధి ఫారాలన్నీ అలా దిద్దితే సరిపోయేది. కాని కొట్టివేతలు ఉండకూడదు. కొట్టివేతలుంటే ఉద్యోగం ఉండదు. ఆవిడ వడ్డించిన మెంతికూర పప్పుతో అన్నం తిని, సంచీ మేకుకి తగిలించి పడుకున్నాను.

రిపోర్టు తయారైంది. ఒక హోటలు హాల్లో పెద్ద సభ పెట్టారు. ఊళ్లోని పెద్దమనుషులంతా వచ్చారు. వకీళ్లు, డాక్టర్లు, వ్యాపారస్తులు, క్లబ్బుల వాళ్లు. గోడకి తెర కట్టి, రంగుల బొమ్మలు వేసి చూపించారు. పాతాయన బ్రహ్మాండంగా గెలుస్తాడట. కొండవాలు జనం అత్యధికులు తరలింపుకి సమ్మతించారట. “ఇంత సహకరించే జనం దొరకడం మన అదృష్టం” అని ఒకాయన అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక నిలబడి టీ కప్పులు అందుకుంటున్న నేనూ కొట్టాను. మర్నాడు పేపర్లో అదే వచ్చింది. ఆ పేపరులోనే అత్త ఎవరికో కొత్తిమీర చుట్టి ఇచ్చింది. అందులో తన గురించి ఏం రాశారో ఆవిడకు తెలియదు.

ఓటు రోజున అత్త మార్కెట్టు నుంచి పెందలాడే వచ్చి, తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్లింది. మా వీధంతా గుంపుగా మెట్లు దిగి వెళ్లారు. తిరిగొచ్చాక ఎవరికేశావత్తా అని అడిగాను.

“నీకెందుకురా? నీ బుక్కులో రాసేసుకుంతావేటి?” అని సిరా చుక్క ఉన్న వేలు నా మొహం ముందు ఆడించి పడీపడీ నవ్వింది.

పాతాయన చిత్తుగా ఓడిపోయాడు. మా కొండవాలులో ఆయన మొహం చూసినవాడే లేడు. ఆ రోజు కేంద్రంలో చావు ఇంట్లో ఉన్నట్టు ఉంది. డైరెక్టరు గారు మెత్తటి గొంతు వదిలేశారు. “వీళ్లను నమ్మడానికి లేదు. మొహం మీద ఒకటి చెప్తారు, ఓటు డబ్బా దగ్గర ఇంకోటి చేస్తారు. పచ్చి అబద్ధాలకోరు జనం” అన్నారు. పక్కనున్న పండితులు తలలూపారు. చదువు లేకపోతే అంతేనండీ, ఎవరేం మప్పితే అదే చేస్తారు అన్నారు ఒకావిడ. వీళ్లకి ఓటు హక్కు ఇవ్వడమే తొందరపాటు అన్నంత దాకా వెళ్లింది మాట.

నాకు రక్తం ఉడికిపోయింది. అబద్ధం ఎవరు చెప్పారు? వాళ్లు వాళ్ల భాషలో నిజమే చెప్పారు. ‘మీరెవరికెయ్యమంటే వాళ్లకే’ అంటే నీకు చెప్పను పో అని అర్థం. అది తెలుసుకోలేని మీరు పండితులు, చెప్పినవాళ్లు అబద్ధాలకోరులా? జనం మాట తెలియనివాళ్లు జనం మనసు తూకం వేస్తామని బయల్దేరడమేమిటి? తప్పు తూచి, పైగా సరుకుని తిట్టడమేమిటి? ఇవన్నీ మనసులోనే అరిచాను. పైకి ఒకే ఒక మాట అనగలిగాను.

“సార్, ఓటు జవాబులు తప్పయితే ఆ ఫారంలోనే ఉన్న ఇళ్ల జవాబులు కూడా తప్పే గదండీ?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. “అది వేరయ్యా. ఓటంటే రహస్యం, దాస్తారు. ఇళ్ల గురించి దాచాల్సిన అవసరం వాళ్లకేముంది? ఆ పేజీకి ఢోకా లేదు” అన్నారు.

అవే నోళ్లు, అదే పూట, అదే సూపర్‌వైజరు, అదే నా చెయ్యి. ఓటు పేజీ చెత్తబుట్టలోకి పోయింది. ఇళ్ల పేజీ ఫైలులోకి, ఫైలు ఒక ప్రభుత్వాఫీసులోకి పోయింది. ఓటు దగ్గర మావాళ్లకీ డబ్బాకీ మధ్య ఎవడూ లేడు గనక వాళ్ల మాట వాళ్ల మాటగానే పడింది. ఇళ్ల సంగతికి డబ్బా లేదు. అక్కడ ఉన్నది నేను. వారం తిరక్కుండా నా ఉద్యోగం పర్మినెంటు అయింది. నా ఫారాల్లో ఒక్క కొట్టివేత కూడా లేదని డైరెక్టరు గారు నలుగురి ముందూ మెచ్చుకున్నారు.

వేసవిలో మా వీధికి నోటీసులొచ్చాయి. నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలి. నాతో చదివించుకుని అత్త ఆశ్చర్యపోయింది. “మనం ఒద్దన్నాం గదా, మల్లీ ఇదేటి?” అంది. ఆఫీసులో ఎవరో పొరపాటు పడ్డారని ఆవిడ నమ్మకం. కళాసీనీ, ఇంకో ఇద్దరినీ వెంటేసుకుని, చదివిపెట్టడానికి నన్ను తీసుకుని ఆఫీసుకి బయల్దేరింది. రానని ఎలా అంటాను?

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. కూర్చోమన్నాడు, వీళ్లు కూర్చోలేదు. “మీరే ఒప్పుకున్నారు కదమ్మా. ఇంటింటికీ వచ్చి అడిగి రాసుకున్నారు” అన్నాడు.

“మావొప్పుకున్నామా?” అత్త గొంతు పెరిగింది. “నాను ఒల్లనన్నాను బాబూ. కావాలంతే తీసి సూడండి. మావోడే రాసినాడు. ఆడి సేతిరాతే, ముత్యాల్లాగ ఉంతాది.”

ఆఫీసరు గుమాస్తాని పిలిచి కట్ట తెప్పించాడు. ఇంటి నంబరు అడిగి, వెతికి, ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. అత్త దాన్ని రెండు చేతులతో తీసుకుని నా చేతిలో పెట్టింది. కళాసీ నా భుజం మీదుగా తొంగి చూశాడు.

“సదువురా” అంది అత్త. “నానేటన్నానో ఈ బాబుకి ఇనిపించు.”

ఆవిడకు అక్షరం రాదు. ఏం చదివినా నమ్మేది. కాని ఆఫీసరుకి వచ్చు, ఆయన చూస్తున్నాడు. “సమ్మతం” అని చదివాను.

“అంతే ఏటి?”

“ఒప్పుకున్నావని.”

అత్తకి వెంటనే కోపం రాలేదు. నా మొహంలోకి చూస్తూ, నేనేదో తికమక పడ్డాననుకుని నెమ్మదిగా అడిగింది. “మీ ఇష్టం బాబూ అన్నాను గదరా. ఆలకి తెలీదు, సరే, ఆలు మనూరోళ్లు కాదు. ఆ మాట నీకూ తెలీలేదేటి?”

పొరపాటైందని ఒక్క మాట అంటే ఆ క్షణానికి గట్టెక్కేవాణ్ని. కాని ఆవిడ కళ్లలోకి చూస్తూ ఇంకో అబద్ధం నోటికి రాలేదు. “తెలుసత్తా” అన్నాను.

“తెలిసే రాసినావా?”

తలూపాను. కళాసీ నా భుజం దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. ఆఫీసరు ఫారం తీసుకుని కట్టలో పెట్టేశాడు. ఇది మార్చడం తన చేతిలో లేదని, పైవాళ్లు ఈ రిపోర్టు చూసే నిర్ణయం చేశారని ఏదో చెప్పాడు. అత్త అదేదీ వినలేదు.

ఆ నెలాఖరుకి లారీలొచ్చాయి. కాలనీ నుంచి మొదటి బస్సు బయల్దేరేది బాగా తెల్లారాక. అది పట్నం చేరేసరికి పూర్ణా మార్కెట్లో బళ్లు ఖాళీ అయిపోయేవి. అత్త రెండు నెలలు తిరిగి చూసింది. ఆవిడ కూర్చునే చోటు వేరేవాళ్లు ఆక్రమించుకున్నారు. ఆ తరవాత ఆవిడ మార్కెట్టుకి వెళ్లలేదు. నేను మా కేంద్రానికి దగ్గరగా గది తీసుకున్నాను.

దసరా ముందు ఒక ఆదివారం ధైర్యం కూడదీసుకుని కాలనీకి వెళ్లాను. చెట్టూ చేమా లేని ఎర్రమట్టి, వరసగా సిమెంటు గదులు. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే వెళ్లాను. ఊరి నుంచి ట్రంకు పెట్టెతో వచ్చిన రోజు మొదలు ఆవిడ నన్ను ఒరే అని తప్ప పిలిచి ఎరగదు. పక్కింట్లో అడిగి ఒక కుర్చీ పట్టుకొచ్చి, నా ముందు వేసి, కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

“కూకోండి బాబూ” అంది.

నేను కూర్చున్నాను.